రొమ్ము క్యాన్సరు – దేహములోని తాళము, తాళపుచెవి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సమయమున నేను భారతమును గూర్చియో, భాగవతమును గూర్చియో మాట్లాడుదునని మీలో పలువురు తలంచియుందురు. ఆ గ్రంథములు నాకు ప్రాణప్రదములు. అయినను నేడు వేఱొక విషయమును ఎన్నుకొంటిని. అది స్త్రీల రొమ్మునకు వచ్చు క్యాన్సరు వ్యాధి. ఇట్టి విషయమును పురుషుడు నిండు సభలో ప్రసంగింపవచ్చునా అని కొందఱకు సందేహము కలుగవచ్చును. మన ఇండ్లలో ఈ మాటను పైకి పలుకుటకు సంకోచించుట చేతనే ఎందఱో తల్లులు గడ్డను కొంగుచాటున దాచుకొని, వైద్యుని కడకు పోవలసిన కాలమును జాఱవిడుచుచున్నారు. కొడుకునకు చెప్పలేరు, భర్తకు చెప్పరు, చెప్పునాటికి వ్యాధి ముదిరిపోవును. కావున పురుషులు కూడ ఈ విషయమును వినవలెను, పలుకవలెను.

2022 వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము ఆ ఒక్క ఏట ప్రపంచమున సుమారు 23 లక్షల మంది స్త్రీలకు ఈ వ్యాధి కనుగొనబడినది. సుమారు 6 లక్షల 70 వేల మంది మరణించిరి. మన దేశమున అదే ఏట కొత్తగా వ్యాధి సోకినవారు సుమారు 1 లక్ష 92 వేలు; మరణించినవారు సుమారు 98 వేలు. మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో మొదటి స్థానము దీనిదే. పురుషులకును ఇది రాకపోదు; నూటికి ఒకరికి మించక పురుషులు కూడ దీని వాత పడుచున్నారు.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ వ్యాధి అందఱిలో ఒకే తీరున ఉండదు. అది దేని బలమున పెరుగుచున్నదో పరీక్షచే తెలియును. ఆ ఫలితమును తెలిసికొని, తగిన మందును చెప్పినన్నాళ్లు మానక వాడినచో ఎన్నో ప్రాణములు నిలుచును. ఈ సంగతి ఎట్లు తెలియవచ్చినదో ఆ కథను మీ ముందుంచెదను.

మన పెద్దలు దీనిని రాచపుండు అనిరి. ఆయుర్వేదమున అర్బుదమనిరి. సుశ్రుతసంహితలోని నిదానస్థానమున అర్బుద లక్షణములు చెప్పబడినవి. అది గుండ్రముగా, కదలక, లోతుగా నాటుకొని, మెల్లమెల్లగా పెరుగునట. సెగగడ్డవలె పక్వమునకు రాదట. అన్నిటికంటె ముఖ్యమైన మాట, దానియందు నొప్పి తక్కువ. ఇంత ప్రాచీన కాలమున ఈ లక్షణమును గుర్తించినవారి పరిశీలన శక్తికి నమస్కరింపవలసినదే. నేటికిని మన పల్లెలలో “నొప్పి లేదు గదా, అదే పోవునులే” అను మాట వినబడుచున్నది. నొప్పి లేని గడ్డనే ముందుగా అనుమానింపవలెనని మన ప్రాచీన శాస్త్రమే బోధించుచున్నది. అయితే అర్బుదము ఎందువలన పెరుగునో తెలియుటకు ఇంకను చిరకాలము పట్టినది.

1713 లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని ఒక వింతను వ్రాసెను. అవివాహితలై మఠములందుండు క్రైస్తవ సన్యాసినులలో రొమ్ము క్యాన్సరు తఱచుగా కనబడుచున్నదని ఆతని పరిశీలన. కాన్పులకును చనుబాలకును ఈ వ్యాధికిని ఏదో సంబంధము కలదని దీనివలన సూచన కలిగినది. కారణము మాత్రము తెలియలేదు.

తరువాత స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో జార్జి బీట్సన్ అను వైద్యుడుండెను. ఆతడు యౌవనమున గొఱ్ఱెల మందల సమీపమున కొంతకాలము నివసించి, పాలు పడుటను గూర్చి పరిశోధించెను. కొన్ని దేశములలో రైతులు ఈనిన ఆవునకు అండాశయములను తీసివేసినచో అది చిరకాలము పాలిచ్చునని ఆతడు వినెను. పొదుగెక్కడ, అండాశయమెక్కడ! నడుమ నరముల సంబంధము కూడ కానరాదు. అయినను ఒకదాని ప్రభావము రెండవదానిపై పడుచున్నది గదా అని ఆతడు ఆలోచించెను. 1895 లో రొమ్ము క్యాన్సరు ముదిరి, కోతకు లొంగని స్థితిలోనున్న ఒక యువతికి అండాశయములను తీసివేసెను. కొన్ని మాసములలో ఆమె రొమ్మునందలి కంతి కరగిపోయెను. 1896 లో ఆతడీ విషయమును వైద్యపత్రికలో ప్రకటించెను. ఆమె మఱికొన్ని సంవత్సరములు జీవించి, వ్యాధి తిరుగబెట్టగా మరణించెను.

ఇతర వైద్యులు కూడ అట్లే చేసి చూచిరి. మూడింట ఒకరికి మాత్రమే మేలు కలిగెను; తక్కిన ఇద్దఱికి కోత బాధయే మిగిలెను. ఎవరికి మేలగునో ముందుగా చెప్పుటకు మార్గము లేకపోయెను. ఈ చిక్కు విడుటకు దాదాపు డెబ్బది యేండ్లు పట్టినది.

ముందుగా, అండాశయమునుండి రక్తములో కలిసి పొదుగును శాసించునది ఏమి? దానిని 1923 లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డోయిజీ అనువారు గుర్తించిరి. 1929 లో డోయిజీయు, జర్మనీలో బూటెనాంట్ అను రసాయన శాస్త్రజ్ఞుడును వేర్వేఱుగా దానిలోనొక రకమును శుద్ధమైన స్ఫటికములుగా సాధించిరి. ఈ జాతి పదార్థములకే ఈస్ట్రోజనులని పేరు.

ఈస్ట్రోజను శత్రువని మీరు తలంపవలదు. ఆడుబిడ్డ ఈడేరుటకు, నెలసరి క్రమముగా వచ్చుటకు, గర్భము నిలుచుటకు, ఎముకలు గట్టిగా నుండుటకు అదియే ఆధారము. రొమ్ములోని పాలనాళముల కణములు దాని ఆజ్ఞవలననే వృద్ధి పొందును. ప్రతి నెలయు ఆ ఆజ్ఞ వచ్చును. కణములు కొంత పెరిగి మరల సద్దుమణగును. ఇట్లు కణములు పలుమాఱులు విభజన పొందుటలో ఎప్పుడో ఒకప్పుడు తప్పు దొరలి, ఒక కణము అదుపు తప్పుట కలదు. అందువలననే చిన్న వయసున ఈడేరినవారికి, ఆలస్యముగా ముట్లుడిగినవారికి, కాన్పులు లేనివారికి ఈ వ్యాధి వచ్చు అవకాశము కొంత ఎక్కువ. బిడ్డకు చాలకాలము చనుబాలిచ్చిన తల్లికి కొంత తక్కువ. రామజ్జీని కనిన వింతకు కారణమిదియే. ముట్లుడిగిన పిదప స్థూలకాయము కలుగుటయు, మద్యపానమును కూడ అపాయమును పెంచును. ముట్లుడిగినవారికి ఈస్ట్రోజను, ప్రొజెస్టిన్ అను రెండు హార్మోనులను కలిపి మాత్రలుగా ఇచ్చుచు అమెరికాలో జరిగిన ఒక గొప్ప పరిశోధన, రొమ్ము క్యాన్సరు పెరుగుచున్నదని తేలగా 2002 లో నడుమనే ఆపివేయబడినది.

ఇక అసలు చిక్కు. ఈస్ట్రోజను రక్తమునందు దేహమంతటను ప్రవహించుచున్నది గదా! రొమ్మును, గర్భాశయమును మేల్కొలుపునది చేతి కండను ఏల మేల్కొలుపదు? షికాగో విశ్వవిద్యాలయమున ఎల్వుడ్ జెన్సెన్ అను శాస్త్రజ్ఞుడు 1950 ల చివర దీనిని ఛేదించెను. ఆతడు ఈస్ట్రోజను అణువునకు రేడియోధార్మికమైన హైడ్రోజనును గుర్తుగా తగిలించి ఎలుకలకు ఎక్కించెను. మందకు వదలిన దూడకు ముద్ర వేసి, అది ఏ కొట్టమున చేరెనో వెదకినట్లు, ఆ గుర్తుగల అణువు ఏ అవయవమున నిలిచెనో వెదకెను. కండలలోనికి అది వచ్చినట్లే వచ్చి వెడలిపోయెను. గర్భాశయమున మాత్రము గంటల తరబడి నిలిచెను. అచ్చట దానిని పట్టి ఉంచునదొకటి కలదని తేలెను. దానికే గ్రాహకమని పేరు.

తాళపుచెవి ఊరంతయు తిరిగినను దానికి సరిపడు తాళము గల తలుపే తెఱచుకొనును. ఈస్ట్రోజను తాళపుచెవి, గ్రాహకము తాళము. కణము నడుమనున్న కేంద్రకమున గ్రాహకముండును. ఈస్ట్రోజను కణములోనికి చొచ్చుకొనిపోయి గ్రాహకముతో కలియగనే, ఆ గ్రాహకము రూపు మార్చుకొని, మన వంశలక్షణములు లిఖింపబడిన డి.ఎన్.ఎ. అను పోగుపై నియమిత స్థానములందు కూర్చుండి, “పెరుగుము, రెండుగా చీలుము” అను ఆజ్ఞను వెలువరించును. ఈ గ్రాహకపు నిర్మాణ సూత్రము 1986 నాటికి పూర్తిగా చదువబడినది. 1996 లో రెండవ రకపు గ్రాహకము కూడ కనుగొనబడగా, మొదటిదానికి ఆల్ఫా అనియు, రెండవదానికి బీటా అనియు పేర్లు స్థిరపడినవి. క్యాన్సరు చికిత్సలో వైద్యులు పరీక్షించునది ఆల్ఫా గ్రాహకమునే.

బీట్సన్ నాటి చిక్కు కూడ దీనితో విడెను. కొందఱి కంతులలో ఈ గ్రాహకములు మెండుగా నున్నవి. కొందఱి కంతులలో లేవు. గ్రాహకములున్నవారిలో సగమునకు పైగా హార్మోనును అణచు చికిత్స వలన మేలు పొందుచుండగా, లేనివారిలో మేలు పొందువారు బహుస్వల్పమని 1970 ల నాటికి రుజువైనది. నాటినుండి నిష్ప్రయోజనమైన కోతల బాధ ఎందఱికో తప్పినది. జెన్సెన్‌నకు 2004 లో లాస్కర్ పురస్కారము లభించినది.

మన ఊరివారికి ఉపయోగపడు విషయమునకు వత్తును. గడ్డనుండి చిన్న ముక్కను తీసి పరీక్షించినపుడు ఆ రిపోర్టులో మూడు పంక్తులుండవలెను. ఇ.ఆర్. అనగా ఈస్ట్రోజను గ్రాహకము. పి.ఆర్. అనగా ప్రొజెస్టిరోను అను మఱొక హార్మోను గ్రాహకము. మూడవది హెర్-2 అను వేఱొక పెరుగుదల గ్రాహకము. ఇ.ఆర్. పాజిటివ్ అని యుండినచో ఆ కంతికి తాళము కలదని అర్థము. నూటికి ఒక కణమునందు గ్రాహకము కనబడినను పాజిటివ్‌గనే లెక్కింతురు. ప్రపంచము మొత్తముమీద రొమ్ము క్యాన్సరులలో మూడింట రెండు వంతులకు పైగా ఇట్టివే. మన దేశమున ఈ పాలు కొంత తక్కువగను, మూడు గ్రాహకములును లేని రకము కొంత ఎక్కువగను కనబడుచున్నది. కావుననే మనవారికి ఈ పరీక్ష మఱింత అవసరము. రిపోర్టు చేతికి వచ్చినపుడు, “అయ్యా, ఇ.ఆర్. ఏమి వచ్చినది?” అని వైద్యుని వినయముగా అడుగుడు. అడుగుట తప్పు కాదు.

తాళమున్నదని తెలిసిన పిదప చికిత్స ఎట్లు? సేద్యము చేయువారికి ఇది సులభముగా బోధపడును. పొలములో కలుపు నీటి బలమున పెరుగుచున్నదనుకొందము. నీటిని నిలుపుటకు మూడు మార్గములున్నవి. చెఱువునే ఖాళీ చేయవచ్చును, తూమును మూయవచ్చును, మడి మొదట మడవను కట్టివేయవచ్చును.

బీట్సన్ చేసినది చెఱువును ఖాళీ చేయుట. నేటికిని ముట్లుడుగని కొందఱు స్త్రీలకు అండాశయముల పనిని సూదిమందుచే నిలుపుట గాని, వానిని తీసివేయుట గాని కలదు.

మడవను కట్టు మందు టామాక్సిఫెన్. దాని కథ విచిత్రము. 1962 లో ఇంగ్లండున ఐ.సి.ఐ. అను కంపెనీ పరిశోధనశాలలో డోరా రిచర్డ్‌సన్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు దీనిని తయారు చేసెను. వారు కోరినది గర్భనిరోధక ఔషధమును. అందులకది పనికిరాలేదు, పైపెచ్చు స్త్రీలలో అండము విడుదలగుటకే తోడ్పడెను. మూలబడవలసిన మందును ఆర్థర్ వాల్పోల్ అను శాస్త్రజ్ఞుడు విడువలేదు. 1971 లో మాంచెస్టర్ నగరపు క్రిస్టీ ఆసుపత్రి వైద్యులు రొమ్ము క్యాన్సరునందు దాని తొలి ఫలితములను ప్రకటించిరి. 1973 లో బ్రిటనునందును, 1977 లో అమెరికాయందును అది అనుమతి పొందెను. దాని గుణములను ప్రయోగశాలలో శోధించి, దీర్ఘకాలము వాడవలసిన మందుగా నిలిపినవారిలో క్రెయిగ్ జోర్డన్ ముఖ్యుడు. ఆతడు 2024 లో దివంగతుడయ్యెను.

ఈ మందు చేయు పనిని తిక్కనగారి విరాటపర్వము చదివినవారికి ఒక్కమాటలో చెప్పవచ్చును. నర్తనశాలలో సైరంధ్రి ఉండునని కీచకుడు వచ్చెను. ఆ స్థానమున భీముడుండెను. అట్లే గ్రాహకమున ఈస్ట్రోజను కూర్చుండవలసిన చోట టామాక్సిఫెన్ ముందుగనే కూర్చుండును. ఈస్ట్రోజను వచ్చినను దానికి చోటు లేదు. రొమ్ము కణమునకు పెరుగుమను ఆజ్ఞ వెలువడదు.

ముట్లుడిగిన పిదప అండాశయము పని మానినను, దేహములోని క్రొవ్వు మొదలగు తావులలో ఆరోమటేస్ అను ఎంజైము ఇతర హార్మోనులనుండి ఈస్ట్రోజనును కొద్దికొద్దిగా తయారు చేయుచుండును. ఆ తూమును మూయు మందులే అనాస్ట్రజోల్, లెట్రోజోల్, ఎక్సిమెస్టేన్ అనునవి. ఇవి 1990 లలో వాడుకకు వచ్చినవి. ముట్లుడిగినవారికి నేడు తఱచుగా వీనినే ఇచ్చుచున్నారు.

ఇక నా ప్రసంగమునకు ప్రాణమైన మాట. ఈ మాత్రలను సాధారణముగా ఐదేండ్లు, కొందఱు పదేండ్లు వాడవలెను. ఐదేండ్లనగా 1,826 దినములు. శస్త్రచికిత్స ముగిసినది, పుండు మానినది, ఒంట్లో బాగుగనే యున్నది. ఇంక మాత్ర ఎందులకని మానివేయుట మనవారిలో కలదు. ఇది పెద్ద పొరపాటు. కంటికి కనబడని కణములు ఎక్కడనో నిద్రించుచుండవచ్చును. మడవ తెగినచో నీరు మరల పాఱును. పలు దేశముల రోగుల వివరములను కూర్చి 2011 లో ప్రకటించిన గణన ప్రకారము, ఇ.ఆర్. పాజిటివ్ వ్యాధిగలవారు సుమారు ఐదేండ్లు టామాక్సిఫెన్ వాడినచో, ఆ ఐదేండ్లలో వ్యాధి తిరుగబెట్టుట దాదాపు సగము తగ్గినది. పదునైదేండ్ల వఱకు చూడగా ఈ వ్యాధివలని మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవి. ఇ.ఆర్. లేనివారికి ఈ మందువలన ఆ మేలు కలుగలేదు. ముందు పరీక్ష, పిదప మందు అనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యమేల?

జమ వ్రాసినవాడు ఖర్చును దాచరాదు. టామాక్సిఫెన్ వాడువారికి ఒంట ఆవిరులు పుట్టుట, చెమటలు పోయుట కలదు. ఈ భీముడు రొమ్మునందు ఈస్ట్రోజనుకు అడ్డు నిలిచినను, గర్భాశయమునందు ఈస్ట్రోజనువలెనే ప్రవర్తించును. అందువలన అరుదుగా గర్భాశయపు లోపొర క్యాన్సరు రావచ్చును; అరుదుగా కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టవచ్చును. మందు వాడుచుండగా అకారణముగా రక్తస్రావమైనను, పిక్క వాచి నొప్పి పుట్టినను, ఆయాసము కలిగినను ఆలసింపక వైద్యునికి చెప్పవలెను. గర్భిణులు దీనిని వాడరాదు; వాడు కాలమున గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను. ఆరోమటేస్‌ను అణచు మందుల వలన కీళ్లనొప్పులు, ఎముకల బలహీనత కలుగును. బాధ కలిగినచో వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలెనేగాని, ఎవరికిని చెప్పక మానరాదు.

ఇ.ఆర్. నెగటివ్ అని వచ్చినవారు అధైర్యపడ నక్కఱలేదు. వారికి వేఱు మార్గములున్నవి. హెర్-2 గలవారికి ట్రాస్టుజుమాబ్ అను మందు 1998 లో అమెరికాలో అనుమతి పొందినది. ఏ గ్రాహకమును లేనివారికి కణనాశక మందులు ముఖ్యాధారము. ఇచ్చట మన తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. బీట్సన్ ఆ శస్త్రచికిత్స చేసిన 1895 లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నడిపిన కృషినుండి మెథోట్రెక్సేట్ వెలువడినది. 1976 లో ఇటలీలోని మిలాన్ వైద్యులు, శస్త్రచికిత్స పిదప రొమ్ము క్యాన్సరు తిరుగబెట్టకుండ ఇచ్చి ఫలితము చూపిన మూడు మందుల కూటమిలో అదియొకటి.

అమ్మలారా, ఈ వ్యాధి పాపఫలము కాదు, అంటువ్యాధి కాదు, దృష్టిదోషము కాదు. వ్యాధిగల తల్లి కంచమును వేఱు చేయుట, బిడ్డలను దగ్గఱకు పోనీయకుండుట అజ్ఞానము, క్రూరత్వము. స్త్రీయై పుట్టినందులకు దేహములో సహజముగా నుండు పదార్థమే ఒకొక్కప్పుడు దారి తప్పిన కణమునకు బలమగుచున్నది; ఇందులో ఆమె నేరమేమి?

రొమ్మునందు గాని చంకయందు గాని గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి పోయినను, దానినుండి నెత్తురు వచ్చినను వెంటనే చూపించుకొనుడు. గడ్డలన్నియు క్యాన్సరు కావు. పెక్కు గడ్డలు నిరపాయములే. అయినను ఆ మాట వైద్యుడు చెప్పవలెను, మనము చెప్పుకొనరాదు. ముంబయిలో ఒకటిన్నర లక్షల మంది స్త్రీలపై ఇరువదేండ్లు జరిగిన పరిశోధన ఫలితములు 2021 లో వెలువడినవి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో రొమ్మును పరీక్షించినంతనే, 50 ఏండ్లు పైబడినవారిలో ఈ వ్యాధి మరణములు సుమారు 30 శాతము తగ్గెనట. 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఇట్టి పరీక్ష చేయు ఏర్పాటు జాతీయ కార్యక్రమమున కలదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి మొదలగు ప్రజాసంస్థలలో చికిత్స కలదు. టామాక్సిఫెన్ మిక్కిలి ఖరీదైన మందును కాదు.

కార్యవర్గమునకు నాదొక విన్నపము. చదువురాని తల్లి తన రిపోర్టును తెచ్చినచో, ఇ.ఆర్. పంక్తి ఎచ్చట నున్నదో, ఏమని యున్నదో ఆమెకు చదివి చెప్పుటకు చదువుకొన్న యువతి నొకతెను గ్రంథాలయమున వారమునకొక దినము కూర్చుండబెట్టుడు. చికిత్స చెప్పుట వైద్యుని పని. అక్షరములు చదివి చెప్పుట గ్రంథాలయము పని. మాత్రలు వాడు తల్లి ఎవరి ఇంటనైన నున్నచో, ఇంటిలోని మగవారు రాత్రి భోజనానంతరము “అమ్మా, మాత్ర వేసికొంటివా?” అని అడుగుటను నియమముగా పెట్టుకొనుడు.